నీళ్లడగని బండి

మదనపల్లెలో ఎలీషా సారు ఇల్లు యాడని అడిగితే నలుగురిలో ముగ్గురు తల గోక్కుంటారు. అదే ఎనక ఇంజిన్ సారు ఇల్లని అడిగి సూడండి, చేతిలో టీ గ్లాసు కింద పెట్టి మరీ మిషన్ కాంపౌండు గోడెంబడి సందు మొగదల దాకా తోడొస్తారు. ఊరు పెట్టిన పేరది. ఆయనకేం కోపం లేదు. పైగా ఎవరన్నా కొత్తోళ్లకు పరిచయం చేసేటప్పుడు ఆ పేరు చెప్పడం మరిచిపోతే, తనే గొంతు సవరించుకోని గుర్తు చేస్తాడు.

బడిలో డ్రాయింగ్ చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఆయన దగ్గర చదివిన పిల్లోళ్లకు బొమ్మలెయ్యడం వచ్చిందో లేదో దేవునికే తెలియాల గానీ, కారు బొమ్మ ఎయ్యమంటే మాత్రం అందరూ ఒకే కారు ఏస్తారు. ముందర మూతి కిందికి వాల్చుకోని, ఎనక వీపు గుండ్రంగా తిప్పుకోని, రెండే తలుపులతో నేలకు ఆనుకోనుండే కారు. ఇంజిన్ యాడరా అని సారు అడగాల, ఎనకాల సార్ అని క్లాసు క్లాసంతా పైకప్పు ఎగిరిపోయేట్టు చెప్పాల. చెప్పనోనికి మార్కులు కోసేవాడు. డ్రాయింగులో మార్కులు కోసే న్యాయం యాడన్నా ఉండాదా? ఆయన దగ్గర ఉండేది.

ఆ బొమ్మకు అసలు కారు ఆయనింట్లోనే ఉండాది. కార్మన్ గియా అంటారు దాన్ని, జర్మనీది, మీగడ రంగు. ఆస్పత్రిలో పనిచేసిన దొర డాక్టరొకాయన ఓడలో తెప్పించుకున్నాడు. ఎలీషా నాయన ఆయనకు డ్రైవరు. దొర తన దేశానికి ఎల్లిపోయే పొద్దు తాళాలు డ్రైవరు చేతిలో పెట్టి, అమ్ముకోవద్దు, నడుపుకో అని చెప్పి రైలెక్కినాడంట. నాయన నడుపుకున్నాడు. ఆయన తర్వాత కొడుకు నడుపుకున్నాడు. నాయన ఆ కారు గురించి పొగడాలంటే ఒకే మాట అనేవాడు: మన సీమ కోసరమే చేసినట్టుండాది రా, నీళ్లడగదు.

నిజమే, అడగదు. దానికి రేడియేటర్ లేదు. ఎనక మూత మీద సన్న సన్న సందులుంటాయి. లోపలుండే ఫ్యాను ఆ సందుల్లోనించి గాలి గుంజుకోని ఇంజిన్ మీద కొడతాది, ఆ గాలికే ఇంజిన్ చల్లారతాది. ముందర మూత ఎత్తితే సామాన్లు పెట్టుకునే డిక్కీ, అంతే. ఎలీషా సారు టమోటా మార్కెట్టుకు పోయి ముందర మూత ఎత్తి బుట్ట పెట్టుకుంటా ఉంటే, చుట్టూ ఉండే హమాలీలు పని ఆపి సూసేవాళ్లు. పెట్రోలు బంకులో పిల్లోడు నీళ్లు పొయ్యాలా సార్ అని అడిగితే ఆయనకు పండగే. బండి దిగి, ఎనక మూత ఎత్తి, లైనులో ఉండే ఆటోవోళ్లు హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయే దాకా వివరం చెప్పి గానీ కదిలేవాడు కాదు.

ఒక్క గియా మీదే కాదు, ఆ జాతి మీదే ఆయనకు పిచ్చి. నడవలో గోడ కనపడకుండా బొమ్మలు అంటించుండాడు. పాత పోర్షేలు, ఫ్రాన్సు దేశం ఆల్పీన్లు, అన్నీ ఎనక ఇంజినువే, అన్నీ పరుగు పందేల బండ్లే. వాటిల్లో ఒకటో రెండో బెంగళూరులో పాత కార్ల ఊరేగింపప్పుడు కండ్లారా సూసినాడు, మిగిలినవన్నీ కాయితాల మీది సుట్టరికమే. ఎవరన్నా ఎగతాళి చేస్తే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. దూకేదేదైనా ఎనక కాళ్ల బలంతోనే దూకుతాది, కుందేలును సూడు, కప్పను సూడు, ముందర కాళ్లతో దూకేది ఒకటి తెచ్చి సూపియ్యి అనేవాడు. ఎవడు తెస్తాడు?

పెండ్లి చేసుకోలేదు. కారుకే తాళి కట్టినాడులే అని చర్చిలో ఆడోళ్లు నవ్వుకునేవాళ్లు. మొగుడు పోయిన చెల్లెలు విమల, ఒళ్లో పసిబిడ్డతో అన్న ఇంటికి వచ్చి చేరినాక ఆ ఇల్లు ఇల్లయింది. ఆ బిడ్డ పేరు బీనా. రాత్రీ పగలూ ఒకటే ఏడుపు. ఎవరు ఎత్తుకున్నా ఊరుకునేది కాదు. ఒక పొద్దు ఎలీషా బిడ్డను గియాలో ఎనక సీటు మీద పడుకోబెట్టి, ఆ సందులోనే బండిని మెల్లిగా తిప్పినాడు. అది సీటని పేరే గానీ పెద్దోళ్లు కూచునేది కాదు, చిన్న అరుగంత. దాని ఎనకాలే ఇంజిన్. ఆ వెచ్చదనానికీ ఆ గురగురకూ బిడ్డ నిద్ర పోయింది. అప్పటినించి బిడ్డ ఏడిస్తే విమల ఉయ్యాల దగ్గరికి పోయేది కాదు, అన్న దగ్గరికి పోయేది.

నడక వచ్చినాక కూడా బీనా జాగా అదే. మోకాళ్ల మీద నిలబడి మేనమామ మెడకాయ పట్టుకోని రోడ్డు సూసేది. రేగ్గాయలు కనపడితే మామా ఆపు. కుక్కపిల్ల కనపడితే మామా ఆపు. వాల్మీకిపురం దోవలో ఒక తూరి ఎనక లారీ వస్తా ఉన్నా ఆపినాడు, లారీవోడు వాళ్ల ఏడు తరాలనూ తిట్టి పోయినాడు. ఆ బండిలో బీనా ఆపమంటే ఆగాల్సిందే. అదొక్కటే ఆ బండికి చట్టం.

ఇంతలో బండికి వయసు మీద పడింది. రబ్బరు గొట్టాలు ఈ కాలం పెట్రోలుకు తట్టుకోలేక పగులుతా ఉంటే మారుస్తానే ఉండాడు. ఇంజిన్ ఒకసారి పోయింది. బెంగళూరులో ఆ బండ్ల మర్మం తెలిసిన ముసలి మెకానిక్కు ఒకాయన ఉండేవాడు, ఎవరెవరి దగ్గరో అడుక్కోని సామాన్లు పోగు చేసి మళ్లీ ఊపిరి పోసినాడు. పోసి, ఎలీషా భుజం మీద చెయ్యేసి చెప్పినాడు, సార్, ఇంక ఇదే ఆఖరు, ఈసారి పోతే నా దగ్గరేమీ లేదు, దీన్ని ఎండలో ఎత్తెక్కించేటప్పుడు బిడ్డను ఎత్తుకున్నట్టు ఎక్కించు అని. ఆ తర్వాత ఆయన కూడా పోయినాడు. అప్పటినించి ఎలీషా సారు గియాను ఆదివారం చర్చికీ, ఎప్పుడన్నా బి.కొత్తకోట దాకానో మాత్రమే తీసేవాడు. దిగినాక ఎనక మూత మీద అరచెయ్యి పెట్టి సూసేవాడు. జరం సూసినట్టు.

అట్లాంటి బండిని బీనా పెండ్లికి అడిగింది.

కుప్పం సంబంధం. పిల్లోడు జోనాథన్, బెంగళూరులో ఉద్యోగం, వారం వారం రైల్లో కుప్పానికి వస్తా ఉంటాడు. మంచోడే. అబద్ధం చెప్పకూడదు, పిల్లోడి మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. పెండ్లి మదనపల్లె చర్చిలో, విందు అదే సాయంత్రం కుప్పంలో. మధ్యలో పుంగనూరు, గంగవరం, పలమనేరు, నూరు కిలోమీటర్ల పైమాటే. బీనా వచ్చి మేనమామ కుర్చీ పక్కన నేల మీద కూచోని, నేను మన గియాలోనే పోతాను మామా అనింది. ఎలీషాకు ఒక పక్క భయమేసింది, ఇంకో పక్క సంతోషమయింది. సరే పాపా అన్నాడు. ఆ పిల్లకు ఆయన కాదని చెప్పిందెప్పుడు?

ఇంక తోలేదెవరు? ముందర సీట్లు రెండే. పెండ్లికూతుర్ని ఎనక అరుగు మీద కుక్కి ముసలి మామ పక్కన పెండ్లికొడుకును కూచోబెడితే లోకం నవ్వదా? కాబట్టి జోనాథనే తోలాల. పెండ్లికి ముందు వారం వచ్చి ఆస్పత్రి ఎనక మైదానంలో నేర్చుకున్నాడు. గేర్లు ఎట్లెయ్యాల, ఎర్ర లైటు వెలిగితే ఎట్లా ఆపాల, అన్నీ చెప్పినాడు ఎలీషా. పిల్లోడు శ్రద్ధగా తలూపినాడు. బండి తీరు సూసి మురిసిపోయినాడు కూడా. ఎలీషా సారుకు ఆ పొద్దు అల్లుడు తెగ నచ్చేసినాడు.

పూల అలంకారం దేవేంద్రకు ఒప్పజెప్పినారు. బస్టాండు దగ్గర కొత్తగా అంగడి పెట్టినాడు, ఈ ఊరోడు కాదు. అంటే ఎలీషా సారు క్లాసులో కూచోని ఎనకాల సార్ అని అరిచినోడు కాదు. పెండ్లి పొద్దు పొద్దున్నే వచ్చి కారు సూసి రెండు చేతులూ జోడించినాడు. ఎలీషా అప్పటికే కోటు తొడుక్కోనుండాడు. బిడ్డను చర్చిలోకి నడిపించుకోని పోవాల్సిన మనిషి, తండ్రి స్థానంలో ఉండేవాడు, కాళ్లూ చేతులూ ఆడటం లేదు. లోపల విమల పిలుస్తాండాది, బయట వ్యాను హారన్ కొడతాండాది. ఆ హడావుడిలో దేవేంద్రకు చెప్పాల్సింది చెప్పినాడు.

"అప్పా దేవేంద్రా, ఇంజిన్ మీద మాత్రం ఏమీ పెట్టొద్దు. దానికి గాలి ఆడాల. ఇంకోటి, పెయింటు పాతది, టేపు అంటిస్తే పెచ్చులు లేస్తాది."

"నాకు చెప్పాలా అన్నా. నా సొంత బండి అనుకోని చేస్తా," అన్నాడు దేవేంద్ర.

సొంత బండి అనుకోనే చేసినాడు, పాపం. వానిదేం తప్పుండాది? ఈ భూమ్మీద వాడు పూలు కట్టిన ప్రతి కారుకూ ఇంజిన్ ముందరే ఉండె. జీవితమంతా కనపడినోనికల్లా ఇంజిన్ ఎనకాల, ఎనకాల అని చెవిలో జోరీగ మాదిరి చెప్పిన మనిషి, చెప్పాల్సిన ఆ ఒక్క పొద్దు ఆ ఒక్క మాట చెప్పలేదు. చెప్పలేదని ఆయనకు తోచను కూడా లేదు. ఊరంతా తెలిసిన సంగతే గదా.

చర్చిలో అంతా బాగా జరిగింది. బీనా తెల్ల చీరలో ఎలీషా చెయ్యి పట్టుకోని నడుస్తా ఉంటే, ఆయన కండ్లద్దాలు మసకబారి దోవ సరిగా కనపడలేదు. ప్రమాణాలయినాయి, తాళి కట్టినారు, పాటలు పాడినారు. గంట మోగింది. అందరూ బయటికొచ్చినారు. ఎలీషా కూడా నవ్వుకుంటా మెట్లు దిగి, దేవేంద్ర మనుషులు ఇంటికాడినించి నెట్టుకోని వచ్చి నిలబెట్టిన కారు సూసి, ఆఖరు మెట్టు మీదనే నిలబడిపోయినాడు.

ముందర మూత బోసిగా ఉండాది. ఒక్క రోజా పువ్వు కూడా లేదు, తుడిచి తళతళా మెరిపించుండాడు. అలంకారమంతా ఎనకాలే. పెయింటుకు దెబ్బ తగలకుండా దేవేంద్ర ముందుగా మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచినాడు. దాని మీద బంతిపూల దుప్పటి. దాని మీద థర్మోకోలుతో గుండె ఆకారంలో ఇంత పెద్ద బోర్డు, జోనాథన్, బీనా అని బంగారు రంగు పేర్లు. గాలి సందుల్లో ఒక్కటన్నా కనపడితే ఒట్టు. దేవేంద్ర పక్కనే నిలబడి, ఎట్లుండాదన్నా, మీరు చెప్పినట్టే ఇంజిన్ మీద ఏమీ పెట్టలేదు అని మెచ్చుకోలు కోసరం ఎదురు సూస్తాండాడు.

ఎలీషా ఉరికిపోయి ఆ బోర్డు మీద చెయ్యేసినాడు. వెయ్యంగానే ఇంకో చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకునింది. పెండ్లికొడుకు అవ్వ, కాంతమ్మ. కుప్పం సంఘంలో ఆమె మాటంటే పాస్టరు కూడా ఒక అడుగు ఎనక్కేస్తాడు.

"పేర్లు పీకేస్తావా అయ్యా?" అనింది. "మనం శకునాలు నమ్మేవోళ్లం కాదులే. అయినా పేర్లు పీకొద్దు."

ఎలీషా చెప్పబోయినాడు. అమ్మా, ఇంజిన్ ఈడుండాది, ఊపిరాడదు దానికి, కొంచెం పక్కకు జరిపితే చాలు అన్నాడు. కుప్పం నించి వచ్చిన మగోళ్లంతా గొల్లున నవ్వినారు. సారు తమాషా మనిషని విన్నాంలే, ఇంజిన్ ఎనకాలంట అని ఒకాయన ఇంకొకాయన వీపు చరిచినాడు. బడిపిల్లోళ్లయితే మార్కులు కొయ్యొచ్చు. మగపెండ్లివోళ్లకు ఏం కోస్తాడు? ఆయన గొంతు పెంచబోతా ఒక్కసారి పక్కకు సూసినాడు. విమల సూస్తాండాది. ఆ ఇంట్లో బతికిన మనిషి, ఇంజిన్ యాడుండేదీ గాలి యాడ ఆడేదీ ఆమెకు తెలియక కాదు. మెల్లిగా దగ్గరికొచ్చి, ఆయనకు మాత్రమే ఇనపడేట్టు చెప్పింది.

"ఈ పొద్దు ఒద్దన్నా."

అంతే. ఎలీషా చెయ్యి తీసేసినాడు.

జోనాథన్‌ను పక్కకు పిలిచి, పుంగనూరులో ఆపు, కొంచెంసేపు చల్లారనియ్యి, ఆడ నేనొచ్చి సూస్తాను అని బతిమాలినట్టు చెప్పినాడు. సరే అంకుల్ అన్నాడు పిల్లోడు. ఫోటోలవోడు వాన్ని లాక్కోని పోయినాడు. బీనా కారెక్కుతా మామను సూసి నవ్వింది. ఆ నవ్వు సూసినాక ఇంకేం మాట్లాడతాడు మనిషి.

ఎనక పెండ్లి బస్సు. ఎలీషా డ్రైవరు పక్క సీట్లో కూచున్నాడు, కండ్లు ముందర పోయే మీగడ రంగు బండి మీద. ఎండ మండిపోతాంది. బంతిపూలు, బంగారు పేర్లు, వాటి కింద ప్లాస్టిక్కు, దాని కింద ఊపిరాడని ఇంజిన్. పక్కన ఎవరో లడ్డు ఇచ్చినారు, చేతిలోనే పట్టుకోనుండాడు. పుంగనూరు వచ్చింది. ఆడ సంఘంవోళ్లు రోడ్డు పక్కన నిలబడి పూలు చల్లినారు. బండి నిదానమయింది. ఎలీషా సీట్లోనించి లేసి తలుపు దగ్గరికి పోయినాడు. అంతలోనే పిల్లోడు చెయ్యి ఊపి, హారన్ కొట్టి, ఎల్లిపోయినాడు. అన్ని పూల మధ్యలో ముసలోని మాట యాడ గుర్తుంటాది.

బీనాకు ఫోన్ చేసినాడు. రింగు బస్సులోనే మోగింది. పెండ్లికూతురి సంచి స్నేహితురాలు హరిత ఒళ్లో ఉండాది, దాంట్లో ఫోను. జోనాథన్‌కు చేస్తే స్విచాఫ్. చర్చిలోకి పోయేటప్పుడు ఆపినాడంట. ఆపినోడు మళ్లీ ఎందుకు ఆన్ చేస్తాడు, పెండ్లి పొద్దు వానికి ఫోన్‌తో ఏం పని? ఎలీషా బస్సు డ్రైవరును బతిమాలుకున్నాడు. హారన్ కొట్టప్పా, లైట్లెయ్యి, ఎట్లన్నా ఆపించు అన్నాడు. డ్రైవరు మంచి మనిషి, గట్టిగా వాయించినాడు. ముందర బండిలో పిల్లోడు దాన్ని సంబరమనుకున్నాడు. పెండ్లి బస్సు హారన్ కొడితే ఇంకేమనుకుంటారు ఎవరన్నా? వాడూ తిరిగి వాయించినాడు, వాయించి ఇంకొంచెం తొక్కినాడు. బస్సులో కుర్రోళ్లు ఈలలేసినారు. డ్రైవరు ఎంత కొడితే ముందర బండి అంత ఉరుకుతాంది. ఎలీషా డ్రైవరు చెయ్యి పట్టుకోని, ఒద్దప్పా, కొట్టొద్దు, ఇంక కొట్టొద్దు అన్నాడు.

ఎర్ర లైటు వెలుగుతాదేమో అని ఒక ఆశ. వెలగదని ఆయనకు తెలుసు. ఫ్యాను బెల్టు తెగితేనే వెలిగే లైటది. ఈడ బెల్టు బాగానే ఉండాది, ఫ్యాను బాగానే తిరుగుతాంది, తిరిగే ఫ్యానుకు గాలే లేదు.

గంగవరం ఇంకా రాలేదు, ముందర పొడుగాటి ఎత్తు. ఆ ఎత్తులో సగం పోయినాక బస్సు కిటికీలోకి వాసన వచ్చింది. కాలిన నూనె, ఉడికిన బంతిపూలు. బస్సులో ఎవరో ముక్కు మూసుకోని, యాడో చెత్త కాలుస్తాండారు అన్నారు. ఎలీషా కండ్లు మూసుకున్నాడు. ముందర గియా ఒకసారి ఎగిరినట్టయి, మెల్లగా రోడ్డు పక్కకు ఒరిగి నిలబడిపోయింది.

బస్సు ఆగీ ఆగకనే దూకినాడు. జోనాథన్ దిగి బిత్తర సూపులు సూస్తాండాడు, మొహమంతా చెమట. బీనా సీట్లోనించి కదల్లేదు. ఒళ్లో చేతులు పెట్టుకోని మామ మొహమే సూస్తాంది. ఎలీషా ఎనక పక్కకు పోలేదు. సూడాల్సిన పని లేదు. నాలుగడుగుల దూరానికే సెగ తగిలింది. తిన్నగా పిల్లోడి దగ్గరికి పోయి, భుజం తట్టి, నవ్వినాడు. ఆ నవ్వు ఆయనకు యాడినించి వచ్చిందో.

"ఏమీ కాలేదులే అల్లుడూ. పెట్రోలు అయిపోయింది. నేనే పోయించడం మరిచినా."

పిల్లోడికి ప్రాణం లేచొచ్చింది. మగపెండ్లివోళ్లు, సారుకు ఇంజిన్ యాడుండాదో తెలుసు గానీ పెట్రోలు యాడ పొయ్యాలో తెలీదు అని మళ్లీ నవ్వినారు. నవ్వనియ్యి. ఎనకాలే వస్తాండే ఫోటోలవోని కారులో ఇద్దర్నీ ఎక్కించినారు. అప్పుడు కాంతమ్మ బస్సు దిగి వచ్చింది. వచ్చి, ఆ పేర్ల బోర్డు విప్పి ఈ కారుకు కట్టండ్రా, ఖాళీ కారులో పోతారా ఏంది పెండ్లి జంట అనింది. ఇద్దరు కుర్రోళ్లు పోయి సర్రున పీకేసినారు. పీకి ఫోటోలవోని కారుకు కట్టినారు. శకునం లేదు, గికునం లేదు. ఎంత సేపు పట్టింది? ఒక బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు.

అందరూ ఎల్లిపోయినారు. నేను పెట్రోలు పోయించుకోని ఎనకాలే వస్తానని ఎలీషా చెప్పినాడు. రోడ్డు మీద దుమ్ము అణిగినాక బండి ఎనక్కి పోయినాడు. ప్లాస్టిక్ కవరు కరిగి సందుల్లోకి మైనం మాదిరి కారిపోయుండాది. అలవాటు కొద్దీ మూత మీద అరచెయ్యి పెట్టినాడు. చర్మం అంటుకునింది. తీసేసుకోని, కాలిన చెయ్యిని కోటు జేబులో పెట్టుకోని, రోడ్డు పక్కన రాయి మీద కూచున్నాడు. చానాసేపటికి ఖాళీ టమోటా బాక్సులతో మదనపల్లెకు పోయే బండొకటి ఆగింది. తాడు కట్టి లాక్కోని వచ్చినారు. పెండ్లికి వచ్చిన కోటుతోనే ఎలీషా గియా స్టీరింగు పట్టుకోని, ఇంజిన్ చప్పుడు లేకుండా ఇంటికి చేరినాడు. కుప్పంలో విందుకు మేనమామ రాలేదని నాలుగు మాటలు అనుకున్నారు. అనుకోరా మరి.

లోపల ఇంజిన్ డొక్క చిట్లింది. లేత్ అంగడివోళ్లు సూసినారు, వెల్డింగువోళ్లు సూసినారు, అతుకు పడే లోహం కాదన్నారు. బెంగళూరుకు ఫోన్ చేస్తే పరాయి దేశం నించి తెప్పించాల సార్ అన్నారు, ఎంతవుతాదో చెప్పినారు. ఇల్లమ్మినా చాలదు. ఎలీషా సరేనప్పా అని ఫోన్ పెట్టేసి, గియా మీద పాత దుప్పటి కప్పినాడు. నడవలో బొమ్మలు మాత్రం తీయలేదు. పొద్దున్నే వాటి ముందర నడిచేటప్పుడు తల వంచుకోని నడుస్తాడని విమల చెప్పింది. ఆమె కూడా ఆ పొద్దు నించి అన్నకు ఎదురుగా కూచోని అన్నం తినడం లేదు. ఒకరికొకరు ఏమీ అనుకోలేదు. అనుకుంటే బాగుండు.

కొన్నాళ్లకు బీనా మొగునితో వచ్చింది. ఇల్లంతా నవ్వులు, కూరల వాసన. భోజనాలయినాక జోనాథన్ బయట అరుగు మీద కూచోని ఫోన్ సూసుకుంటాండాడు. ఎలీషా షెడ్డులోకి పోయి గియాలో కూచున్నాడు, ఊరికే. షెడ్డు తలుపు చప్పుడయింది. బీనా దుప్పటి ఎత్తి, ముందర సీటు వంచి, ఎనక అరుగు మీదికి ఎక్కి మోకాళ్లు ముడుచుకోని కూచునింది. 

"పెట్రోలు పోయించినావా మామా?" అనింది.

"పోయించినాలే పాపా."

"యాడ పట్టింది? ఆ పొద్దు పెట్రోలు ముల్లు సగానికి పైనే ఉండె గదా."

ఎలీషా ఎనక్కి తిరగలేదు. 

"పుంగనూరు దాటినాకనే వాసనొచ్చింది మామా," అనింది బీనా, మెల్లిగా, తనకు తాను చెప్పుకున్నట్టు. "నాకు తెలీదా దీని వాసన? ఒక తూరి చెప్పినా, ఆపుదామా అని. ఆడ అందరూ కాసుకోనుంటారు, ఇప్పుడు ఆపితే ఎట్లా అన్నాడు. మళ్లీ చెప్పలేకపోయినా. పెండ్లై గంటన్నా కాలా. ఎట్లా చెప్పేది?"

ఇన్నాళ్లూ ఆయన ఏడ్చింది బండి కోసం. బండి పోయిందనే అనుకున్నాడు. రేగ్గాయల కోసరం ఎనక లారీ వస్తా ఉన్నా ఆపించిన పిల్ల, ఈ సీట్లో కూచోని, ఇంజిన్ కాలిపోతాందని తెలిసీ నోరు మూసుకోని కూచునింది. ఆ ఎత్తు పొడుగునా కూచునింది. ఎలీషాకు ఏదో చెప్పాలనిపించింది. అట్లా ఊరుకోవద్దు పాపా, ఎప్పుడూ ఊరుకోవద్దు అని చెప్పాలనిపించింది. బోర్డు మీదనించి తీసేసిన తన చెయ్యి గుర్తొచ్చింది. ఏ మొహం పెట్టుకోని చెప్తాడు?

"నేను మాత్రం చెప్పినానా పాపా," అన్నాడు.

బయటినించి జోనాథన్ పిలిచినాడు. బండి స్టార్ట్ అవుతాందా అంకుల్, సాయంత్రం అట్లా ఒక రౌండు పోయొద్దామా అని అడిగినాడు. మంచి పిల్లోడే, ఆ బండంటే నిజంగానే ఇష్టం వానికి. ఎలీషా నోరు తెరిచినాడు. అంతలోనే ఎనకనించి బీనా చెయ్యి ఆయన భుజం మీద పడింది, చిన్నప్పుడు పడ్డట్టే.

"బ్యాటరీ దిగిపోయిందంట. ఇంకో తూరి వచ్చినప్పుడు పోదాంలే," అని నవ్వుతా చెప్పింది మొగునికి.

ఎంత సులువుగా చెప్పిందో. గొంతులో ఒక్క వణుకు లేదు. ఆ నవ్వు, ఆ గొంతు ఎలీషాకు బాగా తెలిసినవే. గంగవరం ఎత్తులో రోడ్డు పక్కన నిలబడి ఆయన నవ్విన నవ్వే అది. ఆ పొద్దు పిల్ల సీట్లో కూచోని సూస్తానే ఉండె గదా.